కాలికి నెత్తురు అందకపోతే: తీగ, బెలూన్, వాటి హద్దులు

మా మావయ్య రోజూ పొద్దున్నే రామాలయం దాకా నడిచి వెళ్లొచ్చేవాడు. మూడేళ్ల కిందట ఒక చలికాలంలో, కరెంటాఫీసు గేటు దగ్గరికి వచ్చేసరికి కుడి పిక్క పట్టేయడం మొదలైంది. గోడకు చెయ్యి ఆనించి రెండు మూడు నిమిషాలు నిలబడితే పోయేది. మళ్లీ నడిస్తే సరిగ్గా అంత దూరానికే మళ్లీ పట్టేసేది. ఊళ్లో చూపిస్తే నరాల బలహీనత అన్నారు. బి12 ఇంజెక్షన్లు, నొప్పి మాత్రలు, నూనె మర్దనాలతో ఎనిమిది నెలలు గడిచిపోయాయి. ఆ తర్వాత కొత్త చెప్పు కరిచి రెండో వేలి మీద చిన్న పుండు పడింది. పదిహేనేళ్ల షుగరు మనిషి. పుండు మానలేదు, వేలు నల్లబడింది. మొదట తీసుకెళ్లిన ఆసుపత్రిలో మోకాలి కింద దాకా కాలు తీసేయాలన్నారు.

ఆ ఎనిమిది నెలలు వృథాగా పోవడానికి కొంత కారణం మన మాటలోనే ఉందని నాకనిపిస్తుంది. నర్సమ్మ సూది గుచ్చబోతూ "నరం దొరకట్లేదు" అంటుంది, అది సిర. పిక్కల మీద నీలంగా మెలికలు తిరిగి కనిపించేవాటిని "నరాలు ఉబ్బాయి" అంటాం, అవీ సిరలే. అరికాళ్లు మంటలు పుడితే "నరాల జబ్బు" అంటాం, అది నిజంగానే నాడులకు వచ్చింది. గుండె నుంచి కాలికి నెత్తురు మోసుకొచ్చే ధమని పూడుకుపోయినా "నరం మూసుకుపోయింది" అనే అంటాం. ఇలా మూడు వేర్వేరు జబ్బులకు ఒకే మాట వాడుతున్నాం. ఈ మూడింటికీ వైద్యం వేరు, చూసే డాక్టర్లు వేరు. ధమని పూడుకుపోతే వెళ్లాల్సింది రక్తనాళాలకు ఆపరేషన్ చేసే వాస్క్యులర్ సర్జన్ దగ్గరికి, లేదా కాళ్ల ధమనుల్లోకి బుడగ పంపి ఊది దారి తెరిచే, అంటే బెలూన్ వేసే, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, కార్డియాలజిస్టు దగ్గరికి.

తేడా పట్టుకోవడం అంత కష్టమేం కాదు. ధమని పూడిక వల్ల వచ్చే నొప్పి నడిస్తేనే వస్తుంది, నిలబడితే చాలు, పోతుంది, కూర్చోనక్కర్లేదు. నడుములో వెన్నుపూసల సందు ఇరుకై వచ్చే నొప్పయితే ఊరికే నిలబడినంత మాత్రాన తగ్గదు, కూర్చోవాలి, లేదా ముందుకు వంగాలి. షుగరు వల్ల నాడులు దెబ్బతింటే నడకతో పని లేకుండా రాత్రిళ్లు మంటలు, తిమ్మిర్లు. ఉబ్బిన సిరలయితే సాయంత్రానికి కాలు బరువెక్కి వాస్తుంది, దిండు మీద ఎత్తిపెట్టుకుంటే హాయిగా ఉంటుంది. ధమని జబ్బు ముదిరినవాళ్లకు దీనికి సరిగ్గా ఎదురు. పడుకుంటే పాదం పోటు పెడుతుంది, మంచం మీంచి కాలు కిందకు వేలాడేస్తే ఉపశమనం. మావయ్య చివరి రెండు నెలలూ కుర్చీలో కూర్చునే నిద్రపోయాడు. అది ఎంత పెద్ద హెచ్చరికో ఇంట్లో మాకెవరికీ తెలియలేదు.

కొలత ముందు, యంత్రం తర్వాత

కాలికి నెత్తురు ఎంత అందుతోందో చూడ్డానికి మొదటి పరీక్షకు ఖరీదైన స్కానింగు అక్కర్లేదు. బీపీ పట్టీ, నెత్తురు పారే చప్పుడు వినిపించే పెన్నంత డాప్లర్ పరికరం ఉంటే చాలు. చీలమండ దగ్గర బీపీ కొలుస్తారు, చేతి దగ్గర కొలుస్తారు, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తారు. చేతికి 140, చీలమండకు 70 వచ్చిందనుకోండి, నిష్పత్తి 0.5. మామూలుగా అది 1కి కొంచెం అటూ ఇటూ ఉండాలి. 0.9, అంతకంటే తక్కువ వస్తే ధమని జబ్బు ఉన్నట్టు లెక్క. దీన్ని ఏబీఐ అంటారు. పావుగంట పని.

అయితే షుగరు ఉన్నవాళ్ల దగ్గర ఈ లెక్క అబద్ధం చెప్పగలదు. ఏళ్ల తరబడి షుగరు ఉంటే, మూత్రపిండాలు దెబ్బతింటే, ధమని గోడల్లో సున్నం (కాల్షియం) పేరుకుని గట్టిపడుతుంది. పట్టీ ఎంత బిగించినా ఆ గొట్టం నొక్కుకోదు. నొక్కుకోదు కాబట్టి బీపీ ఎక్కువ చూపిస్తుంది. మావయ్యకు నిష్పత్తి 1.5 వచ్చింది. కాగితం మీద చూస్తే బ్రహ్మాండం. డాప్లర్ పెట్టిన అమ్మాయి మాత్రం ఆ అంకెను నమ్మలేదు. జెల్లు రాసి పాదం మీద పెన్ను ఆనించి, "వినండి బాబాయ్ గారూ" అని ముందు ఎడమ కాలి చప్పుడు వినిపించింది. తిత్తి కొట్టినట్టు హుష్, హుష్. కుడి కాలి దగ్గర సన్నగా, ఊపిరి వదిలినట్టు ఒకటే గాలి. అప్పుడు బొటనవేలికి బుల్లి పట్టీ చుట్టి కొలిస్తే 26 వచ్చింది. వేళ్ల ధమనుల్లో సున్నం అంతగా పట్టదు, అందుకే ఆ అంకె నిజం చెబుతుంది. అక్కడ పీడనం 30 కంటే తక్కువుంటే పుండు దానంతటది మానడం చాలా కష్టం. షుగరు మనిషి పాదం మీద పుండుతో వెళ్లినప్పుడు ఏబీఐ ఒక్కటే చూసి "నెత్తురు బాగానే ఉంది" అంటే, వేలి పీడనం కూడా చూశారా అని అడగండి.

ఆ తర్వాతే డ్యూప్లెక్స్ స్కాన్, సీటీ యాంజియోగ్రామ్. పూడిక ఎక్కడుంది, ఎంత పొడవుంది, దాని కింద ఏ దారి తెరిచి ఉందన్నది వాటిలో తెలుస్తుంది.

గుండె కంటే ముందు కాలే

బెలూన్, స్టెంటు (ధమనిని తెరిచి ఉంచే లోహపు జాలీ గొట్టం) అనగానే మనకు గుండె గుర్తొస్తుంది. కానీ ఈ వైద్యం పుట్టింది కాలి కోసమే. 1953లో స్వీడన్‌లో సెల్డింజర్ అనే రేడియాలజిస్టు ఒక సులువు కనిపెట్టాడు. ధమనిలోకి సూది గుచ్చి, సూదిలోంచి తీగ పంపి, సూది తీసేసి, ఆ తీగ మీదుగా గొట్టం ఎక్కించడం. కత్తితో పని లేకుండా ఒంట్లోని ఏ ధమనికైనా దారి దొరికింది. అప్పట్లో ఆ దారిని ఫొటోలు తీయడానికే వాడారు.

1964 జనవరి 16న అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో 82 ఏళ్ల ముసలావిడ ఒకామె డాక్టర్ చార్ల్స్ డాటర్ దగ్గరికి వచ్చింది. ఎడమ పాదంలో వేళ్లు కుళ్లుతున్నాయి. సర్జన్లు కాలు తీసేద్దామన్నారు, ఆమె ససేమిరా అంది. తొడలో ధమని ఒకచోట బాగా ఇరుకైంది. డాటర్ ఆ ఇరుకులోంచి తీగ పోనిచ్చి, దాని మీదుగా ముందు సన్న గొట్టం, దానిపై ఇంకాస్త లావు గొట్టం తోసి దారి వెడల్పు చేశాడు. బెలూన్ లేదు, స్టెంటు లేదు. పాదం వెచ్చబడింది, పుండు మానింది. ఆమె ఇంకో రెండున్నరేళ్లు బతికింది, తన కాళ్ల మీద నడుస్తూనే. సర్జన్లు మాత్రం చాలాకాలం డాటర్‌ను నమ్మలేదు. ఇంకో రోగిని పంపుతూ, చూడండి గానీ బాగుచేయాలని ప్రయత్నించకండి అని చీటీ మీద రాశారట.

జర్మన్ డాక్టర్ ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ దీన్ని జ్యూరిక్‌లో అందుకున్నాడు. గొట్టాలు తోయడం కంటే బుడగ ఊదడం మెరుగని, తన వంటింటి బల్ల మీద ప్లాస్టిక్ బెలూన్లు చేసి చూశాడు. 1974లో మొదటి బెలూన్ వేసింది కాలికే. అది గుండెకు చేరింది 1977 సెప్టెంబరులో.

అద్దం వెనక నుంచి చూసింది

మావయ్యకు రెండో ఆసుపత్రిలో చేశారు. డాక్టరుగారు నన్ను ఈ పని చేసే కాథ్‌ల్యాబ్ అనే ఎక్స్‌రే గది పక్క గదిలో అద్దం వెనక నిలబడనిచ్చారు. మత్తు ఇవ్వలేదు, గజ్జల్లో తిమ్మిరి సూది మాత్రమే వేశారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ కుడి గజ్జలో ధమనిలోకి సూది గుచ్చి, సుమారు 2 మిల్లీమీటర్ల లావు ఉండే తొడుగు పెట్టారు. పుట్టగొడుగు కాడ కంటే సన్నం. నెత్తురు గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చారు. రంగు మందు ఎక్కించగానే తెర మీద తొడ ధమని నల్లటి కాలవలా పారుతూ కిందకు దిగింది. మోకాలి కింద మామూలుగా మూడు ధమనులు ఉండాలి. ఆయనకు మధ్యలోది ఒక్కటే సాగుతోంది. ముందరిది, వెనకది మొదట్లోనే తెగిపోయి, వాటి చోట వేరుపోగుల్లా చిన్నచిన్న పిల్లకాలవలు.

రెండో వేలికి నెత్తురు వెళ్లేది ముందరి ధమని నుంచి. అందుకని దాన్నే తెరవాలని చూశారు. వెంట్రుకకు నాలుగైదు రెట్లు లావుండే తీగ, 0.014 అంగుళాలది, మొన దగ్గర వంకర తిప్పి ఉంటుంది. డాక్టరు వేళ్ల మధ్య దాన్ని తిప్పుతూ పూడికలోకి తోస్తుంటే అది ముందుకు పోతుంది, ముడుచుకుంటుంది, వెనక్కొస్తుంది. దాదాపు నలభై నిమిషాలు అదే పని. ధమని లోపలి దారి దొరక్కపోతే గోడ పొరల మధ్యలోంచి దూరి, పూడిక దాటాక మళ్లీ అసలు దారిలోకి రావచ్చు. 1980ల చివర ఇంగ్లండులోని లెస్టర్‌లో అమ్మన్ బోలియా దీన్ని ఒక పద్ధతిగా నిలబెట్టాడు. అదీ కుదరకపోతే పాదం మీది ధమనిలో సూది గుచ్చి కింద నుంచి పైకి వస్తారు. మావయ్యకు పైనుంచే దారి దొరికింది.

తీగ దాటాక బెలూన్ తేలిక. సన్నటి పొడుగాటి బుడగ, రెండున్నర మిల్లీమీటర్ల లావు. ఊదుతుంటే తెర మీద దాని నడుము దగ్గర నొక్కు కనిపించింది, సున్నం ఒదగని చోటది. పీడనం పెంచుతూ పోతే ఆ నొక్కు ఒక్కసారి విడిపోయింది. మావయ్య లోపల మూలిగాడు. బెలూన్ ఊదినప్పుడు నొప్పి పుడుతుంది, దించగానే పోతుంది. మళ్లీ రంగు మందు ఇస్తే ముందరి ధమని పాదం దాకా గీత గీసినట్టు వచ్చింది. బయటికి తీసుకొచ్చాక ఆయన మొదట అన్నమాట, "అల్లుడూ, మందు ఇచ్చినప్పుడల్లా కాల్లో వేణ్ణీళ్లు పోసినట్టుందిరా."

చిన్న కన్నంతో చేసేది కాబట్టి ప్రమాదం లేదనుకోకూడదు. గజ్జల్లో నెత్తురు కారి గడ్డ కట్టవచ్చు, ధమని గోడ చీలవచ్చు, పూడిక ముక్క విరిగి వేళ్లలోకి పోవచ్చు. రంగు మందు మూత్రపిండాలకు భారం, క్రియాటినిన్ ఎక్కువున్నవాళ్లు, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ముందే చెప్పాలి. మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవాళ్లకు రంగు మందు బదులు కార్బన్ డయాక్సైడ్ వాయువుతో కూడా ధమనుల్ని చూడవచ్చు.

ఒకే బెలూన్, రెండు లెక్కలు

ఇక్కడే చాలామంది పొరబడతారు. బెలూన్ వేసిన ధమని మళ్లీ ఇరుకవుతుంది. గోడకు తగిలిన గాయం మాన్చుకునే క్రమంలో లోపల కొత్త కండ పెరుగుతుంది. మోకాలి కింది సన్నటి ధమనుల్లో ఇది ఇంకా ఎక్కువ, చాలామందికి ఏడాది తిరక్కుండానే. "మరి అలాంటప్పుడు ఎందుకు చేయడం?" అని మా అత్తయ్య అడిగింది. సరైన ప్రశ్నే.

జవాబు ఎవరికి చేస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. చర్మం బాగున్న పాదానికి తక్కువ నెత్తురు సరిపోతుంది. పుండున్న పాదానికి, అది మానేదాకా, అంతకు ఎన్నో రెట్లు కావాలి. ధమని నాలుగైదు నెలలు తెరిచి ఉంటే చాలు, ఆలోపు పుండు మూసుకుంటుంది. మూసుకున్నాక ధమని మళ్లీ ఇరుకైనా పాదం బతికే ఉంటుంది. పుండున్న మనిషికి బెలూన్ గడువు కొనిపెడుతుంది, ఆ గడువే కాలిని కాపాడుతుంది.

పుండు లేకుండా నడిస్తే మాత్రమే పిక్క పట్టేసే మనిషికి లెక్క పూర్తిగా వేరు. అతనికి కావలసింది నాలుగు నెలలు కాదు, ఏళ్లు. ధమని మళ్లీ ఇరుకైతే నొప్పి మళ్లీ వస్తుంది, ఒక్కోసారి ముందుకంటే ఎక్కువగా. ఇలాంటివాళ్లలో ఐదేళ్లలో కాలు కోల్పోయేది నూటికి ఐదుగురి లోపే. వాళ్ల ప్రాణానికి అసలు ముప్పు గుండెపోటు, పక్షవాతం. కాలి ధమనిలో పేరుకున్న కొవ్వే గుండెలోనూ మెడలోనూ పేరుకుంటుంది మరి. అందుకే వాళ్లకు మొదటి వైద్యం పొగ మానడం, కొవ్వు తగ్గించే స్టాటిన్, నెత్తురు గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్ లేదా క్లోపిడోగ్రెల్, దాంతోపాటు నడక. పిక్క బాగా నొప్పి పెట్టేదాకా నడవాలి, ఆగాలి, తగ్గాక మళ్లీ నడవాలి. ఇలా అరగంట నుంచి ముప్పావు గంట, వారానికి కనీసం మూడుసార్లు, మూడు నెలలు. కండ తక్కువ నెత్తురుతో పని నడుపుకోవడం నేర్చుకుంటుంది. వినడానికి చిన్న చిట్కాలా ఉంది గానీ, 2012లో వెలువడిన క్లెవర్ అనే అమెరికా అధ్యయనంలో నడుము కింది ధమని పూడినవాళ్లను మూడు గుంపులు చేసి చూస్తే, ఆరు నెలలకు ట్రెడ్‌మిల్ మీద ఎక్కువసేపు నడవగలిగింది స్టెంటు వేసుకున్నవాళ్లు కాదు, దగ్గరుండి నడక నేర్పించినవాళ్లు. మూడు నెలలు శ్రద్ధగా నడిచి, మందులు వాడి, అప్పటికీ పనికి పోలేకపోతే అప్పుడు బెలూన్ మాట్లాడవచ్చు. పిక్క నొప్పితో వెళ్లిన మొదటి రోజే స్టెంటు వేద్దామంటే రెండో డాక్టరును అడగడంలో తప్పు లేదు.

పూడిక ఎక్కడుందన్నది కూడా ముఖ్యమే. బొడ్డు కింద, తుంటి దగ్గరి ధమనులు లావు, కదలిక తక్కువ, అక్కడ స్టెంటు ఏళ్ల తరబడి నిలుస్తుంది. తొడ ధమని అలా కాదు. మనిషి గొంతుక్కూర్చుంటే, బాసింపట్టు వేస్తే అది వంగుతుంది, మెలి తిరుగుతుంది, పొట్టిదవుతుంది. మామూలు ఉక్కు స్టెంటు అక్కడ నలిగిపోతుంది. అందుకే నికెల్, టైటానియం కలిపిన నిటినాల్ అనే లోహంతో చేస్తారు, అది నొక్కినా తన ఆకారానికి తను తిరిగొస్తుంది. అయినా కాలక్రమంలో విరగవచ్చు. మోకాలి వెనక వీలైనంత వరకు స్టెంటు పెట్టకపోవడమే మంచిదంటారు.

కొత్త కండ పెరగకుండా బెలూన్ మీద పాక్లిటాక్సెల్ అనే మందు పూస్తున్నారు. యూ చెట్టు బెరడు నుంచి మొదట తీసిన క్యాన్సరు మందు అది. తొడ ధమనిలో బాగానే పనిచేస్తోంది. 2018 డిసెంబరులో, పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కవేస్తే ఈ మందు వాడినవాళ్లలో కొన్నేళ్ల తర్వాత మరణాలు ఎక్కువ కనిపిస్తున్నాయని ఒక పత్రం వచ్చింది. ప్రపంచమంతా వాడకం పడిపోయింది, మందుల్ని నియంత్రించే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక చేసింది. తర్వాత ఇంకా ఎక్కువమందిని, ఎక్కువకాలం గమనించాక, ఆ ముప్పుకు ఆధారం లేదని 2023 జులైలో అదే ఎఫ్‌డీఏ తేల్చింది. పాత వార్త ఇంకా వాట్సాప్‌లో తిరుగుతోంది కాబట్టి రెండో సగం కూడా చెబుతున్నాను.

సున్నాన్ని చెక్కే యంత్రాలు, లేజర్లు, శబ్ద తరంగాలతో సున్నం పగలగొట్టే బెలూన్లు కూడా ఉన్నాయి. బిల్లు బాగా పెరుగుతుంది. బాగా గట్టిపడ్డ ధమనిలో బెలూన్ విప్పుకోవడానికి ఇవి ఉపయోగపడతాయి, కానీ ప్రతి కాలికీ అక్కర్లేదు. ఎందుకు వాడుతున్నారో డాక్టరు ఒక వాక్యంలో చెప్పగలగాలి.

బైపాస్ పాతబడిపోలేదు

ఇంత చెప్పాక కోత వైద్యం పనికిరానిదని అనుకుంటే పొరపాటు. కాలిలోంచే మంచి సిర ఒకటి తీసి, పూడికకు పైనా కిందా కుట్టి, నెత్తురుకు పక్కదారి వేయడం బైపాస్. 2022 నవంబరులో వచ్చిన బెస్ట్-సీఎల్ఐ అధ్యయనంలో 1,830 మందిని చూశారు. వాడుకోడానికి మంచి సిర ఉన్నవాళ్లకు బైపాసే మెరుగని తేలింది. మరుసటి ఏడాది బ్రిటన్‌లోని బేసిల్-2 అధ్యయనం, మోకాలి కింద పూడికలున్న 345 మందిలో, ముందు బెలూన్ వేసినవాళ్లే కాలు నిలుపుకుని ఎక్కువమంది బతికారని చెప్పింది. రెండూ ఒకదానికొకటి ఎదురు చెబుతున్నట్టుంటాయి గానీ, రోగులు వేరు, పూడికలున్న చోట్లు వేరు. దీన్నుంచి నేను తీసుకునేది ఒక్కటే: రెండు పనులూ తెలిసినవాళ్లు, లేదా రెండు రకాల డాక్టర్లూ కలిసి చూసే చోట, సిర ఎలా ఉందో స్కాన్ చేసి, కాలి బైపాస్ కోతను గుండె తట్టుకోగలదో లేదో చూసి నిర్ణయించాలి. బెలూన్ ఒక్కటే చేసే చోట బెలూనే మంచిదంటారు, కోత ఒక్కటే తెలిసిన చోట కోతే మంచిదంటారు.

కాలు తీసేయాలని చెప్పినప్పుడు కూడా ఇదే. చీము పైకి పాకి జ్వరంతో మనిషి స్పృహ తప్పుతుంటే ముందు ప్రాణం, అక్కడ వాదించకూడదు. అంత తొందర లేనప్పుడు మాత్రం, "యాంజియోగ్రామ్ తీశారా? నెత్తురు తెప్పించే దారి ఏమైనా ఉందా?" అని అడగాలి. తీయక తప్పకపోయినా, ముందు ధమని తెరిస్తే మోకాలి కింద దాకా తీయాల్సింది వేలితో ఆగవచ్చు. వేలు పోయిన మనిషి చెప్పులేసుకుని నడుస్తాడు. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఏ చికిత్స ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను ముందే కనుక్కోండి.

ఒక సందర్భంలో మాత్రం ఈ ఆలోచనలకు వేళ లేదు. ఉన్నట్టుండి ఒక కాలు తెల్లగా పాలిపోయి, చల్లబడి, విపరీతంగా నొప్పి పుట్టి, తిమ్మిరెక్కి కదలకపోతే, గుండె నుంచి గడ్డ వచ్చి ధమనిలో అడ్డుపడి ఉండవచ్చు. దాదాపు ఆరు గంటల్లో నెత్తురు తిరిగి పారకపోతే కండ చచ్చిపోతుంది. వేడి కాపడం పెట్టి తెల్లారాక చూద్దామనుకునే జబ్బు కాదు.

పొగ గురించి ఇంకో మాట. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో కొందరు ఆడవాళ్లు నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డచుట్ట తాగుతారు. నోటి క్యాన్సరు గురించి వాళ్లకు చెబుతున్నాం గానీ కాళ్ల గురించి చెప్పడం తక్కువ. బీడీ, సిగరెట్ తాగే కుర్రాళ్లకు ముప్పై, నలభై ఏళ్లకే వేళ్లు నల్లబడే బర్జర్ జబ్బు వేరే ఉంది. అందులో బెలూన్ వేయడానికి అనువైన దారి చాలాసార్లు దొరకదు. ఆ జబ్బును ఆపేది పొగాకు పూర్తిగా మానడమే, రోజుకు ఒకటి కూడా లేకుండా.

మావయ్యకు బెలూన్ వేసిన ఐదో రోజున నల్లబడ్డ వేలు తీశారు. ఆ తర్వాత వారానికోసారి డ్రెస్సింగు. నర్సమ్మ ప్రతిసారీ కాగితం స్కేలు పెట్టి పుండు పొడవు, వెడల్పు కొలిచి చీటీ మీద రాసేది. 31, 28, 28, 22, మిల్లీమీటర్లలో. మూడో వారం కదలకపోతే అత్తయ్య ఏడ్చేసింది. పదకొండో వారం చీటీలో అంకె లేదు, "మూసుకుంది" అని రాసి ఉంది. ఎనిమిదో నెలలో స్కాన్ చేస్తే తెరిచిన ధమని మళ్లీ సగానికి పైగా ఇరుకైందని వచ్చింది. మేం బెదిరిపోయాం. డాక్టరుగారు రిపోర్టు పక్కన పెట్టి, పాదం చేతిలోకి తీసుకుని, వేళ్ల సందులు విడదీసి, మడమ తిప్పి చూశారు. పుండు ఎక్కడా లేదు. "దీన్ని ఇప్పుడు ముట్టుకోవద్దు. నడవండి, మందులు మానకండి, రోజూ రాత్రి పాదం ఎవరిచేతైనా చూపించుకోండి" అన్నారు. ఇప్పుడు మావయ్య రామాలయం దాకా మధ్యలో ఒక్కసారి ఆగి వెళ్లొస్తున్నాడు. రాత్రి పడుకునే ముందు అత్తయ్య సెల్‌ఫోను లైటు వేసి అరికాలు చూస్తుంది.